పేల దువ్వెన, గోడమీది క్యాలెండర్: మందు లేకుండా పేలు ఎలా వదులుతాయి

పిల్ల తలలో పేలు కనిపించిన మొదటి ఆదివారం ఏ ఇంట్లోనైనా ఇంచుమించు ఒకే విధంగా గడుస్తుంది. తల్లి బాల్కనీలో పీట వేసుకుని పిల్లను రెండు మోకాళ్ల మధ్య కూర్చోబెట్టుకుంటుంది, పేల దువ్వెనతో గంటసేపు దువ్వుతుంది, రాలిన ప్రతి పేనునూ బొటనవేలి గోటితో కుక్కుతుంది, కుంకుడుకాయ రసంతో తలంటి ‘ఇక ఒక్కటి కూడా లేదు’ అని ఊపిరి పీల్చుకుంటుంది. ఆ మాట ఆ పూటకు నిజమే కావచ్చు. కానీ రెండు వారాలు తిరక్కుండానే పిల్ల మళ్లీ చెవి వెనుక గోక్కోవడం మొదలుపెడుతుంది. అప్పుడు తప్పు పక్కింటి పిల్ల మీదికో, బడి ఆటోలో పక్కన కూర్చునే పిల్ల మీదికో పోతుంది. నేను చెప్పదలచుకున్నది ఈ చోటు గురించే. ఇలా తిరిగొచ్చిన పేలలో చాలావరకు బయటి నుంచి వచ్చినవి కావు. ఆ ఆదివారం నాడు గుడ్ల రూపంలో అదే తలమీద ఉండి, దువ్వెన పళ్లకు దొరక్కుండా మిగిలిపోయినవి. మందు లేకుండా పేలను వదిలించడం సాధ్యమే, అయితే అందుకు దువ్వెన ఎంత అవసరమో తేదీలు గుర్తుపెట్టుకునే క్యాలెండర్ కూడా అంతే అవసరం.

కంచరపాలెంలోని మా అక్క ఇంట్లో నిరుడు వానాకాలంలో ఈ తంతు మూడుసార్లు జరిగింది. నాలుగో తరగతి చదివే మా అక్క కూతురికి నడుము దాటే జుట్టు. విశాఖలో ఆ నెలల్లో గాలిలో తేమ ఎంతగా ఉంటుందంటే, పొద్దున్నే తలంటిన జుట్టు బడివేళకు కూడా లోపల తడిగానే ఉంటుంది. ఆ తడి మీదే రెండు జడలు బిగించి రిబ్బన్లు కట్టి పంపక తప్పదు. ఆ తడివల్లనే పేలు పుడుతున్నాయని ఇంట్లో అందరూ గట్టిగా నమ్మారు. మూడోసారి పేలు కనిపించేసరికి సలహాలు కూడా పెరిగాయి. ఒకరు సీతాఫలం గింజలు నూరి పట్టించమన్నారు, ఒకరు కొబ్బరినూనెలో హారతి కర్పూరం కరిగించి రాయమన్నారు, మరొకరు ఏకంగా చేలకు కొట్టే పురుగుమందు నాలుగు చుక్కలు నీళ్లలో కలిపితే సరిపోతుందన్నారు. ఆ చివరి సలహా విన్న రోజు నుంచే నేను ఈ విషయాన్ని శ్రద్ధగా చదవడం మొదలుపెట్టాను.

పేను ఎక్కడి నుంచి వస్తుంది

పేను తేమలోనూ పుట్టదు, మురికిలోనూ పుట్టదు, చుండ్రు నుంచి అంతకన్నా పుట్టదు. మరో పేను పెట్టిన గుడ్డు నుంచి పుడుతుంది. ఆ మరో పేను మరో మనిషి తలమీది నుంచి నడిచి వస్తుంది. దీనికి రెక్కలు లేవు కనుక ఎగరలేదు. మిడత కాళ్ల వంటి కాళ్లు లేవు కనుక గెంతలేదు. నువ్వుగింజంత, అంటే రెండు మూడు మిల్లీమీటర్ల పొడవుండే ఈ పురుగుకు ఆరు కాళ్లు, ఒక్కొక్క కాలి చివర కొక్కెం లాంటి ఒక గోరు ఉంటాయి. వెంట్రుకను చుట్టి పట్టుకోవడానికే అమరిన ఆ గోళ్లవల్ల ఇది వెంట్రుక నుంచి వెంట్రుకకు చురుగ్గా పాకగలదు గానీ, నున్నని నేలమీద పడితే సరిగా నడవలేదు కూడా. మనిషి నెత్తురు తప్ప మరో ఆహారం లేదు; రోజుకు కొన్నిసార్లు మాడు నుంచి రక్తం పీల్చాలి. తలమీది నుంచి జారిపడిన పేను ఒకటి రెండు రోజుల్లోనే చచ్చిపోతుంది. కుక్కల మీద, పిల్లుల మీద ఇది బతకదు.

కాబట్టి పేలు ఒకరి నుంచి ఒకరికి పాకడానికి ప్రధానమైన మార్గం తలకు తల ఆనడమే. ఒకే ఫోను తెర మీదికి ముగ్గురు పిల్లలు వంగి చూసేటప్పుడు, ఎనిమిది మందిని ఎక్కించుకున్న బడి ఆటోలో నిద్రకు తూగి పక్కవాళ్ల భుజం మీద వాలిపోయినప్పుడు, చాప మీద అక్కచెల్లెళ్లు పక్కపక్కన పడుకున్నప్పుడు పేను తల మారుతుంది. దువ్వెన, తువ్వాలు, రిబ్బను పంచుకోవడం వల్ల కూడా రావచ్చు గానీ అది అంత తరచుగా జరిగేది కాదు. పొడవు జుట్టున్న ఆడపిల్లల్లో ఎక్కువగా కనిపించడానికి కారణం కూడా వాళ్లు తలలు దగ్గర చేర్చుకుని ఆడుకోవడం, మాట్లాడుకోవడమే తప్ప శుభ్రత లోపం కాదు. వారానికి రెండుసార్లు తలంటుకునే జుట్టులోనూ పేను హాయిగా బతుకుతుంది. నీళ్లలో ముంచితే ఇది ఊపిరి రంధ్రాలు మూసుకుని గంటల తరబడి కదలకుండా ఉండి, ఆరాక మళ్లీ లేస్తుంది, ఉప్పునీరైనా అంతే. ఆర్కే బీచ్‌లో సముద్ర స్నానం చేయిస్తే పేలు పోతాయన్న మాట అందుకే నిలవదు.

ఈ సంగతి నొక్కి చెప్పడానికి కారణం ఉంది. పేలు మురికి వల్ల వస్తాయన్న నమ్మకం ఇంట్లో సిగ్గును పుట్టిస్తుంది, సిగ్గు వల్ల విషయం దాస్తారు, దాచిన ఇంటి నుంచే పేలు నిశ్చింతగా నాలుగు ఇళ్లకు పాకుతాయి. పేనుకు పెత్తనమిస్తే తలంతా గొరికిందట అని మనవాళ్లు ఊరికే అనలేదు. మనం మాట్లాడకపోవడమే దానికి మనమిచ్చే పెత్తనం. మా అక్క కూతురిని కూడా ఒక టీచరు అందరి ముందూ విడిగా చివరి బెంచీలో కూర్చోబెట్టారు. ఆ సాయంత్రం పిల్ల అన్నం తినలేదు. తలపేను వల్ల దురద, నిద్రలేమి, గోకితే పుండ్లు వస్తాయి గానీ అది రోగాలను మోసుకుతిరిగే పురుగు కాదు. 1909లో ఫ్రెంచి శాస్త్రవేత్త షార్ల్ నికోల్ టైఫస్ జ్వరం పేల ద్వారా వ్యాపిస్తుందని కనిపెట్టారు, దానికి 1928 నోబెల్ బహుమతి కూడా పొందారు. కానీ అది బట్టల మడతల్లో గుడ్లు పెట్టే చీరపేను పని. అమెరికా బాలల వైద్యుల అకాడమీ అయితే పేలు ఉన్నాయన్న కారణంతో ఏ పిల్లనూ బడి మానిపించనవసరం లేదని స్పష్టంగా చెబుతోంది. నాకు కూడా అదే సరైనదనిపిస్తుంది, ఎందుకంటే దురద కనిపెట్టే నాటికే ఆ పేలు వారాల తరబడి అదే బడికి పోయి వస్తున్నాయి.

దురద విషయంలో చాలామందికి తెలియని సంగతి ఇదే. దురద పేను నడవడం వల్ల రాదు, కుట్టినప్పుడు మాడులోకి వెళ్లే దాని లాలాజలం ఒంటికి పడకపోవడం వల్ల వస్తుంది. జీవితంలో మొదటిసారి పేలు పట్టిన పిల్లకు ఆ పడకపోవడం బయటపడడానికి నాలుగు నుంచి ఆరు వారాలు పడుతుంది. అంటే ఇంట్లో ఒక్కరు గోక్కుంటున్నారంటే, గోక్కోని వాళ్ల తలల్లో కూడా అప్పటికే ఉండవచ్చు. పిల్ల తల ఒక్కటే చూసి ఊరుకుంటే, ఆమెను పక్కలో పడుకోబెట్టుకునే అమ్మమ్మ తలలోంచి వారానికల్లా మళ్లీ ఎక్కుతాయి.

ఉన్నాయో లేవో తేల్చుకోవడం

పొడి జుట్టును చేత్తో పాయలు తీసి చూస్తే పేలు చాలావరకు కనబడవు. వెలుతురు పడగానే పక్కకు పరుగెత్తుతాయి, పైగా సాధారణంగా ఒక తలలో ఉండే బతికున్న పేలు పది, పదిహేను మించవు. జుట్టు తడిపి కండిషనరో నూనెనో పట్టించి, పేల దువ్వెనతో కుదుళ్ల నుంచి చివరిదాకా దువ్వి, ప్రతి దువ్వుకూ తెల్లగుడ్డ మీద తుడిచి చూడటమే నమ్మదగిన పరీక్ష. చెవుల వెనుక, మెడ మీది జుట్టు మొదలయ్యే చోట ముందు చూడాలి, అక్కడే ఎక్కువ.

ఈపులను చూసి మోసపోకుండా ఉండాలి. మన కంటికి తళుక్కుమని కనిపించే తెల్లని ఈపి చాలాసార్లు పిల్ల పేను బయటికి వెళ్లిపోయాక మిగిలిన ఖాళీ పెంకు. లోపల ప్రాణమున్న గుడ్డు గోధుమ రంగులో, వెంట్రుకల నీడలో కలిసిపోయి ఉంటుంది. చుండ్రు పొట్టు వేలితో తోస్తే జారిపోతుంది, ఈపి ఒకవైపుకు అతుక్కుని ఉండి గోటితో గీరితే తప్ప కదలదు. పేను తన గుడ్డును మాడు వెచ్చదనం అందేలా కుదురుకు చాలా దగ్గరగా, సాధారణంగా 6 మిల్లీమీటర్లలోపే అతికిస్తుంది. జుట్టు నెలకు సుమారు ఒక సెంటీమీటరు పెరుగుతుంది. కాబట్టి కుదురు నుంచి రెండు సెంటీమీటర్ల దూరంలో కనిపించిన ఈపి రెండు నెలల నాటిది, అందులో ప్రాణం ఉండదు. అలాంటి ఈపులను చూసి మళ్లీ పేలు పడ్డాయని భయపడనక్కర్లేదు. గుడ్డ మీద కాళ్లు కదిలించే పేను కనిపిస్తేనే పేలు ఉన్నట్టు.

లెక్క

ఆడ పేను రోజుకు ఎనిమిది దాకా గుడ్లు పెడుతుంది, తలమీద సుమారు నెల రోజులు బతుకుతుంది. గుడ్డు పొదగడానికి వారం నుంచి పది రోజులు పడుతుంది. బయటికి వచ్చిన పిల్ల పేను మూడుసార్లు కుబుసం విడిచి, తొమ్మిది నుంచి పన్నెండు రోజుల్లో ఎదిగి తానూ గుడ్లు పెట్టే స్థితికి వస్తుంది. ఈ రెండు గడువులనూ పక్కపక్కన పెట్టి చూస్తే అసలు కిటుకు తెలుస్తుంది. ఈ ఆదివారం తలమీద ఉన్న పేలన్నిటినీ తీసేశామనుకుందాం; గుడ్లు మాత్రం మిగిలాయి. ఆ గుడ్లలో కొన్ని రేపే పొదుగుతాయి, కొన్ని పదో రోజుకు పొదుగుతాయి. ఏ పిల్ల పేనైనా గుడ్డు పెట్టే వయసు రావడానికి కనీసం తొమ్మిది రోజులు కావాలి. ఆ తొమ్మిది రోజులూ నిండకుండా దాన్ని పట్టుకోగలిగితే తలమీద కొత్త గుడ్డు ఒక్కటి కూడా పడదు. కొత్త గుడ్డు పడకపోతే, పాత గుడ్లన్నీ పది రోజుల్లో అయిపోయాక ఇక పుట్టడానికేమీ మిగలదు.

అందుకే తడిజుట్టు దువ్వే పద్ధతిని పాటించేవారు మొదటి రోజు, అయిదో రోజు, తొమ్మిదో రోజు, పదమూడో రోజు అని నాలుగు తేదీలు పెట్టుకుంటారు. ఆదివారం మొదలుపెడితే తర్వాతివి గురువారం, ఆ పై సోమవారం, ఆ పై శుక్రవారం. నాలుగు రోజుల ఎడం ఎందుకంటే, పిల్ల పేను ఒకసారి దువ్వెనకు దొరక్కుండా తప్పించుకున్నా, ఎదిగేలోపు పట్టుకోవడానికి మరో అవకాశం ఉండాలని. ఆదివారం మూడు గంటలు కష్టపడి గురువారం మానేసేవారికన్నా, నాలుగు తేదీల్లోనూ ముప్పావుగంట చొప్పున కూర్చునేవారికే ఫలితం దక్కుతుంది. మూడుసార్లు విఫలమైన మా అక్క ఇంట్లో లోపించినది శ్రద్ధ ఎంతమాత్రం కాదు, ఈ రెండో తేదీ. పదమూడో రోజున ఒక్క పేనైనా పడితే అక్కడి నుంచి లెక్క మళ్లీ మొదలుపెట్టాలి. పడకపోతే పదిహేడో రోజున ఒక్కసారి పరీక్ష కోసం దువ్వి ముగించవచ్చు.

దువ్వడం

పేలను దువ్వెనతో తీయడం ఎంత పాతదో చెప్పే వస్తువు ఒకటి ఉంది. ఇజ్రాయెల్‌లోని లాకీష్ తవ్వకాల్లో 2016లో ఏనుగు దంతంతో చేసిన చిన్న దువ్వెన దొరికింది. దాదాపు క్రీస్తుపూర్వం 1700 నాటిదని అంచనా. దానిమీద గీతల్లా కనిపించినవి అక్షరాలని తర్వాత గుర్తించి 2022లో ప్రకటించారు. ఈ దంతం జుట్టులోని, గడ్డంలోని పేలను పెకలించుగాక అన్నది దానిమీది వాక్యం. దువ్వెన పళ్ల మధ్య పిల్ల పేను అవశేషం కూడా ఉంది. మన ఇళ్లలోని పేల దువ్వెన చేసే పనీ అదే, రూపమూ ఇంచుమించు అదే.

దువ్వెన మంచిది కాకపోతే మాత్రం తేదీలు ఎంత పాటించినా లాభం లేదు. పళ్ల మధ్య సందు మిల్లీమీటరులో మూడో వంతుకన్నా తక్కువ ఉండాలి, పళ్లు బొటనవేలితో నొక్కితే వంగకూడదు. పూర్ణామార్కెట్ ఫ్యాన్సీ దుకాణాల్లో దొరికే రెండువైపుల పళ్లున్న ప్లాస్టిక్ పేల దువ్వెనతో పెద్ద పేలు వస్తాయి గానీ, కొన్నాళ్లకు పళ్లు ఎడమై పిల్ల పేలను వదిలేస్తాయి. పొడుగు స్టీలు పళ్లున్నది దొరికితే అదే కొనడం మేలు. ఒత్తు జుట్టులో కుదురుదాకా దిగేది అదొక్కటే.

ముందు జుట్టు మామూలు షాంపూతోనో కుంకుడుకాయతోనో కడిగి, తడి పిండేసి, కండిషనర్ ధారాళంగా పట్టించాలి. జిడ్డుగా ఉండే ఈ పూత పేనును చంపదు. కొంతసేపు దాన్ని కదలనివ్వదు, దువ్వెనను సాఫీగా జారనిస్తుంది. కండిషనర్ ఖర్చనుకుంటే కొబ్బరినూనె బాగా పట్టించి అదే పని చేయవచ్చు. మొదట వెడల్పు పళ్ల దువ్వెనతో చిక్కు తీయాలి. ఆ తర్వాత జుట్టును నాలుగు భాగాలు చేసి క్లిప్పులు పెట్టి, ఒక్కొక్క భాగం నుంచి వేలెడు వెడల్పు పాయ చొప్పున విడదీసి, దువ్వెన పళ్లు మాడును తాకేలా ఆనించి, చివరిదాకా ఆపకుండా లాగాలి. ప్రతి లాగుడుకూ తెల్లని పాత పంచె ముక్క మీద దువ్వెన తుడవాలి. ఒకే పాయను పైనుంచి ఒకసారి, కిందనుంచి ఒకసారి, రెండు పక్కల నుంచీ దువ్వాలి. అంతా అయ్యాక కండిషనర్ కడిగేసి, తడి జుట్టును మరొక్కసారి మొత్తం దువ్వితే మిగిలినవి కూడా దొరుకుతాయి. పిల్ల పేలు మొదట్లో కంటికి ఆనవు. మా అక్కకు గుడ్డ మీద చీమ తలకాయంత లేత గోధుమ రంగు చుక్క కనిపించి ధూళి అనుకుంది. సూదిమొనతో కదిపితే కాళ్లు ఆడాయి.

మొదటి ఆదివారం గుడ్డ మీద పెద్దా చిన్నా కలిసి 14 పేలు లెక్కకు వచ్చాయి. గురువారం 6, అన్నీ పిల్ల పేలే. ఆ పై సోమవారం 2, శుక్రవారం ఒక్కటి కూడా లేదు. ‘పిన్నీ, ఇంకెన్ని పాయలున్నాయి?’ అని మొదటి రోజు ప్రతి అయిదు నిమిషాలకూ అడిగిన పిల్ల, గురువారం నుంచి తానే గుడ్డ పట్టుకుని లెక్క రాయడం మొదలుపెట్టింది. ఆ కాగితం ఫ్రిజ్ మీద అంటించాం. పిల్లలను ఈ పనిలో ఇలా భాగం చేస్తే ఏడుపు సగం తగ్గుతుందని నా అనుభవం.

ఒక్క చిక్కు మాత్రం మేం ముందు ఊహించలేదు. గురువారం పిల్ల బడినుంచి వచ్చి, హోంవర్క్ చేసుకుని కూర్చోవాలంటే చీకటిపడే వేళవుతుంది. మా అమ్మ ‘దీపాలు పెట్టే వేళ తల విరబోయకూడదే’ అని అడ్డుపడింది. వాదించకుండా హోంవర్కును తర్వాతికి నెట్టి, నాలుగున్నరకే బాల్కనీలో పీట వేశాం. నిజానికి పగటి వెలుగులో కనిపించినంత స్పష్టంగా ట్యూబులైటు కింద పిల్ల పేలు కనిపించవు కనుక అమ్మ పట్టింపు మాకు మేలే చేసింది. మీ ఇంట్లో మంగళవారాలు తల తడపకూడదనో మరో నియమమో ఉంటే, తేదీలు ముందే రాసి చూసుకుని ఒక రోజు ముందే దువ్వేయండి, ఆలస్యం మాత్రం చేయకండి.

ఈ పద్ధతి ఎంతమేరకు పనిచేస్తుందన్న ప్రశ్నకు నిజాయితీగా జవాబు చెప్పాలి. 2000లో లాన్సెట్ వైద్య పత్రికలో వచ్చిన, బ్రిటన్‌లోని వేల్స్‌లో జరిగిన అధ్యయనంలో తడిజుట్టు దువ్విన పిల్లల్లో నూటికి 38 మందికి, పేలను చంపే మాలథియాన్ అనే మందు లోషన్ వాడిన వాళ్లలో 78 మందికి పేలు పోయాయి. 2005లో బ్రిటిష్ మెడికల్ జర్నల్‌లో వచ్చిన మరో అధ్యయనంలో ఇది తలకిందులైంది: ప్రత్యేకంగా తయారుచేసిన దువ్వెనలతో నాలుగు తేదీల పద్ధతి పాటించిన వాళ్లలో 57 మందికి, దుకాణంలో దొరికే పేల మందులు వాడిన వాళ్లలో 13 మందికే నయమైంది. దువ్వెన, దువ్వే తీరు, తేదీల క్రమశిక్షణ మారితే ఫలితం మారుతుందనీ, చాలాచోట్ల పేలు పాత మందులకు లొంగడం మానేశాయనీ ఈ రెండిటినీ కలిపి చదివితే అర్థమవుతుంది. ఒక్క విడతలోనే అందరికీ పోతాయని నేను చెప్పను. విషం లేకుండా, ఎన్నిసార్లయినా చేయగలిగిన పద్ధతి కనుక మొదట ఇదే ప్రయత్నించడం న్యాయమని మాత్రం చెబుతాను.

మందు కాదనుకుంటూ వాడే విషాలు

మందు వద్దనుకునేవారు ఇంట్లో ఉన్నదేదో పట్టించడం సహజం. అక్కడే జాగ్రత్త అవసరం, ఎందుకంటే సీసా మీద హెచ్చరిక అంటించి లేనంత మాత్రాన ఏ వస్తువూ నిరపాయం కాదు.

అన్నిటికన్నా ముందు సీతాఫలం గింజల గురించి చెప్పాలి. పాడేరు, అరకు వైపు నుంచి సీతాఫలాలు గంపలకొద్దీ దిగే రోజుల్లో విశాఖలో ఈ గింజలకు కొదవ ఉండదు. ఎండబెట్టి నూరి, నూనెలో కలిపి తలకు పట్టించడం తరతరాల అలవాటు. ఆ గింజల్లో పురుగులను చంపే పదార్థం ఉన్న మాట నిజమే. అదే పదార్థం కంట్లో పడితే నల్లగుడ్డు మీది పొరను కాల్చినట్టు దెబ్బతీస్తుంది. తల కడిగేటప్పుడు నురగతోపాటు ఆ పొడి కంట్లోకి జారడం ఎంత తేలికో పిల్లలకు తలంటిన ఎవరికైనా తెలుసు. తీవ్రమైన నొప్పి, ఎర్రదనం, వెలుగు చూడలేకపోవడం, చూపు మసకబారడం రోజుల తరబడి ఉంటాయి. దక్షిణ భారతంలోని కంటి వైద్యులు ఇలాంటి కేసులను వైద్య పత్రికల్లో నమోదు చేశారు. పొరపాటున పడితే నలపకుండా ధారగా మంచినీళ్లతో పదిహేను నిమిషాలపాటు కడిగి, ఆ రోజే కంటి వైద్యుడికి చూపించాలి. నా మటుకు నేను ఈ గింజలను పిల్లల తల దగ్గరికి రానివ్వను.

కర్పూరం ఇంకో రకం ప్రమాదం. చిన్నపిల్లల్లో అది నోటి ద్వారా కొద్దిగా వెళ్లినా, చర్మం ద్వారా ఎక్కువగా ఇంకినా ఫిట్స్ రావచ్చు. కర్పూరపు నూనె తలకు రాసిన చేతులను నోట్లో పెట్టుకునే వయసు పిల్లలున్న ఇంట్లో దీన్ని అసలు వాడకూడదు. వేపనూనె వేరు, పైపూతగా అది పెద్దగా కీడు చేయదు, కొంత పనిచేయవచ్చు కూడా, కానీ నోట్లోకి వెళితే పసిపిల్లలకు ప్రాణాపాయం. కాబట్టి సీసా అందకుండా పెట్టాలి. కిరోసిన్ చర్మాన్ని పొక్కిస్తుంది, దీపం దగ్గరికో గ్యాస్ పొయ్యి దగ్గరికో వెళితే తల అంటుకుంటుంది. చేలకు కొట్టే పురుగుమందు గురించి చెప్పడానికే చేయి వణుకుతుంది. మాడు చర్మం గుండా అది ఒంట్లోకి ఇంకుతుంది, గోక్కున్న పుండ్లు ఉంటే ఇంకా వేగంగా ఇంకుతుంది. చొంగ కారడం, వాంతులు, ఊపిరాడకపోవడం మొదలై పిల్ల చనిపోవచ్చు. నీళ్లలో కలిపినంత మాత్రాన అది మందు కాదు. ఎవరైనా ఇప్పటికే పట్టించి ఉంటే, బట్టలు మార్చి సబ్బుతో తల కడిగి, ఒక్క నిమిషం కూడా ఆలస్యం చేయకుండా ఆసుపత్రికి తీసుకుపోవాలి, ఆ డబ్బా కూడా వెంట తీసుకెళ్లాలి.

వెనిగర్, ఉల్లిరసం, నిమ్మరసం, ఉప్పునీళ్లు అంత ప్రమాదకరం కావు గానీ గోకిన మాడును మండిస్తాయి, ఈపి జిగురును కరిగిస్తాయన్న పేరే తప్ప కరిగించవు. ఆ జిగురు దాదాపు వెంట్రుకలాగే గట్టిపడిన మాంసకృత్తు. దాన్ని కరిగించేది వెంట్రుకను కూడా కరిగిస్తుంది. రాత్రంతా నూనె పట్టించి తలకు ప్లాస్టిక్ కవరు కట్టి పడుకోబెట్టడం మాత్రం ఎప్పుడూ చేయకండి, నిద్రలో అది ముఖం మీదికి జారితే ఊపిరాడదు.

గుండు చేయిస్తే పేలు పోతాయి, అందులో సందేహం లేదు, గుడ్లు వెంట్రుకలకే ఉంటాయి కనుక. సింహాచలంలో తలనీలాల మొక్కు ఎలాగూ ఉన్న చిన్నపిల్లకు అది కలిసొస్తే మంచిదే. కానీ బడికి పోయే పదేళ్ల పిల్లకు ఇష్టం లేకుండా పేల కోసం గుండు కొట్టించడం, నాలుగు తేదీల పనికి బదులు ఆర్నెల్ల అవమానం ఆమె నెత్తిన పెట్టడమే.

ఇల్లు, వైద్యుడు

ఇంటిని గురించి పెద్దగా హైరానా అక్కర్లేదు. తల దిగిన పేను రెండు రోజులకన్నా బతకదు కనుక, దువ్విన రోజున దిండు గలీబులు, దుప్పటి, తువ్వాలు వేడినీళ్లలో ఉతికి ఎండలో ఆరేస్తే సరిపోతుంది. దువ్వెనలను, క్లిప్పులను చేయి పెట్టలేనంత వేడినీళ్లలో పది నిమిషాలు నానబెట్టాలి. ఉతకలేని టోపీలాంటివి రెండు మూడు రోజులు ఎవరూ వాడకుండా పక్కన పెడితే చాలు. పరుపుల మీద, సోఫాల మీద పురుగుమందు పిచికారీ చేయడం వల్ల పిల్లల ఊపిరితిత్తులకు చేటు తప్ప ఒరిగేదేమీ లేదు. ఆ ఓపికను ఇంట్లో మిగతా తలలు దువ్వి చూడటానికి వాడండి. అవకాశముంటే పిల్ల స్నేహితురాళ్ల తల్లులకు కూడా చెప్పి, అందరూ ఒకే ఆదివారం మొదలుపెట్టేలా చూడండి. చెప్పడం కష్టమే. మా అక్క ఆటోలో వచ్చే ముగ్గురు పిల్లల ఇళ్లకు ఫోను చేసినప్పుడు ఇద్దరు తల్లులు ‘మా దాన్లోనూ ఉన్నాయి, ఎలా చెప్పాలో తెలియక ఊరుకున్నాం’ అన్నారు.

మాడు మీద చీము, తేనె రంగు పొక్కులు, మెడ వెనుక గడ్డలు, జ్వరం కనిపిస్తే అది దువ్వెనతో పోయేది కాదు. గోకిన పుండ్లలోకి సూక్ష్మక్రిములు చేరాయి. రెండేళ్లలోపు పిల్లలకు, కనురెప్పల వెంట్రుకల్లో పేలు కనిపించిన వారికి, రెండు విడతలు తేదీలు తప్పకుండా దువ్వినా బతికున్న పేలు పడుతున్న వారికి కూడా వైద్య సలహా కావాలి. కింగ్ జార్జ్ ఆసుపత్రిలో చర్మవ్యాధుల విభాగం ఉంది. దగ్గర్లోని చర్మవైద్యుడెవరైనా సరే. మందు రాస్తే వాడటంలో ఓటమేమీ లేదు. డైమెథికోన్ అనే సిలికోన్ ద్రవమైతే పేనును విషంతో చంపదు, దాన్ని పూతలా కప్పేసి భౌతికంగానే చంపుతుంది. ఏ మందు వాడినా గుడ్లు మిగిలే అవకాశం ఉంది కనుక తేదీల లెక్క అప్పుడూ వర్తిస్తుంది.

దీపావళి ముందు మా అక్క కంగారుగా ఫోను చేసింది. తలంటుతుంటే పాపిట పక్కన తెల్లగా మూడు ఈపులు కనిపించాయట, మళ్లీ మొదలయ్యాయా అని. కుదురు నుంచి ఎంత దూరంలో ఉన్నాయో కొలిచి చెప్పమన్నాను. కాసేపటికి ‘రెండు వేళ్ల వెడల్పు’ అంది. అంటే శ్రావణం నాటి పెంకులు. అయినా ఒకసారి తడిజుట్టు దువ్వి గుడ్డ చూడమన్నాను. గుడ్డ మీద కండిషనర్ నురగ, రెండు వెంట్రుకలు తప్ప ఏమీ లేవు.